చికాగో ఏ దిక్కున ఉంది?

పిల్లలూ,

బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక వస్తుంది. నేను ఉద్యోగంలో ఉండగా ఒక కార్తీకమాసంలో మా బడి పిల్లలను అక్కడికి తీసుకుపోయాను. ఇసుకలో కూర్చుని పులిహోర తింటూ ఒక కుర్రవాడు, “మాస్టారూ, మా బాబాయి చికాగోలో ఉన్నాడు. అది ఎటువైపు?” అని అడిగాడు.

గోడపటంలో అమెరికా ఎడమవైపున ఉంటుంది గదా! నేను పడమరకు చెయ్యి చూపించాను.

“కాదండీ, బాబాయి ఎక్కిన విమానం ఉత్తరానికి, మంచుసముద్రం మీదుగా పోయిందట!” అన్నాడు వాడు. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వి, “ఇక కూర్చో” అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది.

ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు బడిలో గ్లోబు ముందు పెట్టుకుని, ఒక దారం తీసుకున్నాను. మీరూ చేసి చూడండి.

గ్లోబు అడ్డుకొలత 30 సెంటీమీటర్లు అనుకోండి. భూమధ్యరేఖ వెంట దారం చుడితే 94 సెంటీమీటర్లు వస్తుంది. అసలు భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే దారంలో ఒక సెంటీమీటరు 425 కిలోమీటర్లకు సమానం.

ఇప్పుడు దారం ఒక కొనను హైదరాబాదు మీద, రెండో కొనను చికాగో మీద పెట్టి బిగలాగండి. దారం ఎటు పోయింది? ఢిల్లీకి కాస్త పడమరగా, కజకిస్తాను, రష్యా దాటి, ఉత్తరధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దగ్గరగా పోయి, గ్రీన్‌లాండు, కెనడాల మీదుగా చికాగోలో దిగింది! దాని పొడవు 31 సెంటీమీటర్ల పైచిల్లర. లెక్కకట్టి చూస్తే దూరం సుమారు 13,280 కిలోమీటర్లు.

నావికులు వాడే మెర్కేటరు పటంలో ఈ రెండు నగరాలనూ తిన్నని గీతతో కలిపితే, ఆ గీత అరేబియా, ఈజిప్టు, అట్లాంటిక్ సముద్రాల మీదుగా పోతుంది. ఆ దారిన దూరం సుమారు 16,100 కిలోమీటర్లు. తిన్నగా కనిపించే దారే 2,800 కిలోమీటర్లు ఎక్కువ!

ఎందుకని? ఒక కమలాపండు ఒలిచి చూడండి. తొనల మధ్య గీతలు నడుమ ఎడంగా ఉండి, తొడిమ దగ్గర ఒకచోట కలుస్తాయి. భూమి మీద రేఖాంశాలూ అంతే, ధ్రువం దగ్గర కలుస్తాయి. బల్లపరుపు పటంలో మాత్రం వాటిని పైదాకా ఎడంగానే గీస్తారు. అందుచేత ధ్రువం దగ్గరి దగ్గరదారి పటంలో చుట్టుదారిలాగా కనిపిస్తుంది.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా వారు హైదరాబాదు నుంచి చికాగోకు మధ్యలో ఆగని విమానం మొదలుపెట్టారు. అంత దూరం పోయే విమానానికి దగ్గరదారి అంటే ఎంతో ఇంధనం ఆదా. అయితే విమానాలు దారం పోయిన దారినే అచ్చంగా పోవు. ఎదురుగాలులు తప్పించుకోవడానికీ, కొన్ని దేశాలు తమ ఆకాశం మూసివేసినప్పుడూ పక్కకు తొలగుతూ ఉంటాయి.

ఆ రోజు తరగతిలో ఆ కుర్రవాణ్ణి లేపి, దారం వాడి చేతికే ఇచ్చాను. “నువ్వు చెప్పిందే నిజం, నాదే పొరపాటు” అని అందరి ముందూ అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కనుక మీరు సూర్యలంక పోయినప్పుడు, చికాగోలో ఉన్న బాబాయి వైపు చెయ్యి ఊపాలంటే సముద్రం వైపు కాదు, ఉత్తరానికి తిరిగి, రవ్వంత పడమరకు మొగ్గి ఊపండి.

మరి డాలస్‌కు దారం పెడితే అది ధ్రువానికి ఇంకా దగ్గరగా పోతుందా, దూరంగా పోతుందా? మీరే చూసి, ఇంట్లో పెద్దలకు చూపించండి.