ఉప్పునీటి కొలను: పంపు వేళలు, చలికాలపు కాపుదల



అమెరికాలో డాలసు నగరము చెంత కాపురమున్న ఒక సోదరి మాకీ నడుమ జాబు వ్రాసినది. వారు క్రొత్తగా కొన్న యింటి పెరటిలో ఉప్పునీటి ఈతకొలను కలదట. "నూతిని ఎట్లు చూచుకొనవలెనో మా అమ్మ నేర్పినది గాని, ఈ కొలను సంగతి చెప్పువారు లేరు. పంపు దినమునకెన్ని గంటలు నడుపవలెను? చలికాలమున దీని నెట్లు కాపాడవలెను?" అని ఆమె అడిగినది. ఈ ముచ్చట మన పుటలలో ఏల యని కొందరనుకొనవచ్చును. కాని ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగు మొదలగు ఆ చుట్టుపట్ల ఊళ్లలో నేడు మనవారి ఆడుపడుచులనేకులు కాపురములు చేయుచున్నారు. వారికొరకు మేమెరిగినంత వ్రాయుచున్నాము.

ఉప్పునీటి కొలననగానే సముద్రజలము తలపునకు వచ్చును. అది పొరపాటు. సముద్రపునీట లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండగా, ఈ కొలనులో 3 మొదలు 3.5 గ్రాములు మాత్రమే యుండును. ఆ యుప్పు తానై నీటిని శుద్ధిచేయదు. పంపు త్రోసిన నీరు సెల్లు అను చిన్న పెట్టెగుండ పోవునపుడు, అందలి టైటానియము రేకులనడుమ విద్యుత్తు ప్రవహించి ఉప్పునుండి క్లోరినును పుట్టించును. ఆ క్లోరిను క్రిములను చంపి, పని తీరిన పిదప మరల ఉప్పుగా మారును. పంపు ఆగినచో సెల్లాగును, సెల్లాగినచో క్లోరినాగును. కావున పంపు వేళలను నిర్ణయించుట యనగా క్లోరిను పుట్టు వేళలను నిర్ణయించుటయే.

ఇందుకు రెండు లెక్కలు కట్టవలెను. కొలనులోని నీరంతయు దినమునకొకమారు ఫిల్టరుగుండ పోవలెననునది మొదటి లెక్క. సోదరి కొలను 20,000 గాలన్లది, అనగా సుమారు 75,000 లీటర్లది. పంపు నిమిషమునకు 150 లీటర్లు త్రోయుచున్నచో 500 నిమిషములు, అనగా 8 గంటల 20 నిమిషములు పట్టును. రెండవ లెక్క క్లోరినుది. సెల్లు పూర్తిగా పనిచేసినపుడు 24 గంటలకు 600 గ్రాముల క్లోరినును చేయుననుకొందము. గంటకు 25 గ్రాములగును. వేసవియెండకు ఆ కొలనులో లీటరునకు 3 మిల్లిగ్రాముల చొప్పున దినమునకు హరించిపోయినచో, 225 గ్రాములు తిరిగి చేర్చవలెను. అది 9 గంటల పని. రెండు లెక్కలలో ఏది పెద్దదో దాని ననుసరింపవలెను. పిమ్మట పరీక్షపెట్టెతో నీటిని చూచి, క్లోరిను తగ్గుచున్నచో ఒక గంట పెంచవలెను, మిగులుచున్నచో తగ్గింపవలెను. కాగితముమీది లెక్క దారి చూపునే గాని, తీర్పు చెప్పవలసినది నీరే.

పంపు వేగము మార్చుకొన వీలున్న మోటారు కలవారు ఇంకొక సంగతి తెలిసికొనవలెను. వేగమును సగమునకు తగ్గించినచో నీరును సగమే పారును గాని, కరెంటు సగము గాక ఇంచుమించు ఎనిమిదవ వంతే ఖర్చగును. అదే నీటిని త్రోయుటకు రెట్టింపు గంటలు పట్టినను మొత్తము ఖర్చు నాలుగవ వంతునకు దిగును. కాన వడిగా కొంతసేపు నడుపుటకంటె మెల్లగా చాలసేపు నడుపుటయే పొదుపు. అయితే ప్రవాహము మరీ సన్నగిల్లినచో సెల్లు పనిచేయదు. దాని దీపము చూచి, అది వెలుగుచుండునంతటి వేగమున నిలుపవలెను.

శీతకాలమున లెక్క మారును. ఎండ తగ్గుటచే క్లోరిను ఖర్చు తగ్గును. నీటి వేడిమి 10, 15 డిగ్రీల సెంటిగ్రేడు నడుమకు దిగగానే అనేక సెల్లులు తమంతట పని మానును. అది చెడిపోయినదని బెదరనక్కరలేదు. ఆ నెలలలో ద్రవరూపపు క్లోరినును చేతితో కొలిచిపోసిన చాలును. ఉప్పు తక్కువైనదని యంత్రము దీపము చూపినను వెంటనే బస్తా విప్పరాదు. చల్లని నీరు విద్యుత్తును తక్కువగా ప్రసరింపజేయుటచే యంత్రము పొరబడును. వేరుగా పరీక్షించి చూడక ఉప్పు పోసినచో, నీరు వేడెక్కిన పిదప అది మితిమీరును. ఇక పంపు గంటలను వేసవికంటె తగ్గించి, మిక్కిలి చలిగానుండు తెల్లవారుజామునకు మార్చుకొనవలెను. పారు నీరు అంత తేలికగా గడ్డకట్టదు.

ఇంతవరకు సొమ్ము పొదుపు. ఇక ముప్పు సంగతి.

మా ఆడబిడ్డ కాపురమును ఆ డాలసు ప్రాంతమునందే. 2021 ఫిబ్రవరి 15వ తేది తెల్లవారకమునుపే టెక్సాసులో కరెంటు తీసివేయుట మొదలయ్యెను. ఆ దినములలో 45 లక్షల యిండ్లకు పైగా చీకటిపాలయ్యెను. మరునాడు శ్రీపంచమి. ఆనాటి యుదయమున డాలసు విమానాశ్రయమువద్ద వేడిమి సెంటిగ్రేడున సున్నకు దిగువ 19 డిగ్రీలు. ఆ విపత్తున 246 మంది మరణించినట్లు రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కతేల్చినది. అట్టి దుఃఖము ముందర ఒక పంపు పగులుట అల్పమే. అయినను ఆ యింట జరిగినది మన యందరికి పాఠము.

భర్త పొరుగూరనుండగా, ఆమె యిద్దరు బిడ్డలను దుప్పట్లలో చుట్టుకొని ఒక గదిలో గడపినది. కొలను తలపునకు రాక పోలేదు. "ఉప్పునీరు గదా గడ్డకట్టదు, పైగా చలి ముదిరిన పంపు తనంతట తిరుగును గదా" యని ఊరకుండినది. రెండును తప్పుటంచనాలే. లీటరునకు 3.5 గ్రాముల ఉప్పు, నీరు గడ్డకట్టు వేడిమిని సుమారు 0.2 డిగ్రీ మాత్రమే దించును. చలికి పంపును తిప్పు యంత్రము మంచిదే. గాలి 2, 3 డిగ్రీలకు దిగగానే అది పని మొదలుపెట్టును. కాని కరెంటు లేనినాడు దానికి ఊపిరి లేదు. నీరు గడ్డకట్టునపుడు నూటికి సుమారు 9 వంతులు ఉబ్బును. కొలనులో ఉబ్బుటకు చోటున్నది, పంపు కడుపులో లేదు.

కరెంటు వచ్చిన తరువాత కొంతసేపటికి మంచు కరగి, పంపు పగులునుండి నీరు చిమ్మినది. ఫిల్టరును చీలినది. ఊరివారందరికి అదే యవసరమగుటచే కొత్త సామానులు దొరకక, కొలను నెలలతరబడి పచ్చబారి పడియుండెను. "వదినా, నాలుగు బిరడాలు విప్పిన సరిపోవు పనియట. ఆ పెట్టె దగ్గరకు నేనేనాడును పోలేదు, అది ఆయన పని యనుకొంటిని" అని ఆమె ఫోనులో కంటతడిపెట్టినది.

కావున సోదరికి మేము చెప్పునది యిది. కరెంటున్నంతకాలము గడ్డకట్టు చలిలో పంపును ఎడతెగక నడుపవలెను. జలపాతమునకును, వేడినీటితొట్టికిని పోవు పైపులలో కూడ నీరాడునట్లు వాల్వులన్నియు కొంచెము తెరచియుంచవలెను. కరెంటు పోయి చలి ముదురుచున్నచో, వచ్చునేమోయని చాలసేపు వేచియుండరాదు. మొదట పంపు బ్రేకరును, వేడిచేయు యంత్రమున్నచో దాని గ్యాసును కట్టివేయవలెను. యంత్రములు కొలను మట్టమునకు దిగువనున్నచో కొలనువైపు వాల్వులను మూయవలెను. పిమ్మట ఫిల్టరు తలమీది గాలిమరను విప్పి, పంపు, ఫిల్టరు, వేడియంత్రముల అడుగుననున్న బిరడాలను తీసి నీరంతయు కారనీయవలెను. సెల్లును ఊడదీసి యింటిలో పెట్టుకొనవలెను. తీసిన బిరడాలను పంపు బుట్టలోనే వేసియుంచినచో పోవు. నేలపైనున్న పైపులకు పాతదుప్పట్లు చుట్టవలెను. కరెంటు మరల వచ్చినపుడు, మంచు కరగినదని చూచి, బిరడాలు బిగించి, పంపు కడుపును నీటితో నింపి, అటుపిమ్మటనే బ్రేకరు వేయవలెను. కొలను పైన కట్టిన మంచుపొర పిల్లల బరువునకాగదు. అటు పోనీయరాదు.

న్యూజెర్సీ, మిచిగన్ వంటి ఉత్తరపు రాష్ట్రములవారికి ఈ పద్ధతి చాలదు. అచ్చట శరత్తుననే నీటిమట్టము దించి, పైపులలోని నీటిని గాలితో ఊదించి, బిరడాలు బిగించి, కప్పువేసి కొలనును మూసివేయుదురు.

ఇదంతయు చదివిన వెంటనే చేతికి రాదు. కార్తికమాసమున ఒక ఎండపూట, భర్తను గాని కొలను పనివానిని గాని పక్కనుంచుకొని, సోదరి స్వయముగా ఒకమారు బిరడాలన్నియు విప్పి బిగింపవలెను. ఏది ముందో ఏది పిదపో కాగితమున వ్రాసి ఆ పెట్టె తలుపునకు అంటింపవలెను. మా ఆడబిడ్డ ఇప్పుడట్లే చేయుచున్నది. చలినాడు తలుపు తీసి చూచునది యింట ఎవరుందురో వారే గనుక, ఆ విద్య ఇల్లాలి చేతనుండుట మేలు.