హీరో ముఖాలు చాలు, సీజేకి గంగమ్మ జాతర వేషం కట్టండి

జీటీఏ శాన్ ఆండ్రియాస్‌కి తెలుగు మోడ్ అని వెతికితే ఎక్కువగా తగిలేది ఒకటే సరుకు: సీజే బదులు మన హీరో బొమ్మ. 2004 నాటి గేమ్, 2013 చివర్లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది, ఇప్పటికీ మనోళ్లు వదల్లేదు. హీరోల మీద నాకేం కోపం లేదు. కానీ సీజేని రాక్‌స్టార్ వాళ్లు ముక్కలుగా తయారుచేశారు. తల, చొక్కా, ప్యాంటు, బూట్లు అన్నీ వేర్వేరు. జిమ్‌కి పోతే కండలొస్తాయి, బర్గర్లు లాగిస్తే పొట్టొస్తుంది. ఆ మోడల్ పీకేసి రెడీమేడ్ బొమ్మ పెడితే ఇవన్నీ గోవిందా! షాపులో కొన్న చొక్కా కూడా ఒంటి మీద కనబడదు. చొక్కా టెక్స్‌చర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోయేదానికి ఇంత నష్టం ఎందుకు?

పైగా ఇవి చాలావరకు మోడ్ ఏపీకేలుగా తిరుగుతుంటాయి. ప్లే ప్రొటెక్ట్ ఆపమనీ, ఎస్ఎంఎస్ పర్మిషన్ ఇమ్మనీ అడిగితే అక్కడే ఆగిపోండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే ఫోన్ అది. ఇందులో గూగుల్ వాటా కూడా ఉందంటాను. ఆండ్రాయిడ్ 11 నుంచి గేమ్ డేటా ఫోల్డర్‌ని ఫైల్ మేనేజర్లకి మూసేస్తూ వచ్చారు. ఒక యాప్ డేటాలోకి ఇంకో యాప్ తొంగిచూడకూడదు, నిజమే. ఫోన్ కొన్నోడికైనా ఒక తాళంచెవి ఇవ్వాలి కదా? పీసీకి కేబుల్ పెట్టి మార్చుకోవచ్చంటారు. పీసీ ఉన్నోడు శాన్ ఆండ్రియాస్‌ని ఫోన్‌లో ఎందుకు ఆడతాడు!

అసలు వేషం మార్చడం మా తిరుపతోళ్లకి ఒకరు నేర్పాలా? తాతయ్యగుంట గంగమ్మ జాతర వారమంతా ఊరు చేసేది అదే. బైరాగి వేషానికి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి చందనం. మాతంగి వేషానికి మగాళ్లు చీర కడతారు. 2024 డిసెంబర్‌లో పుష్ప 2 వచ్చాక ఆ గెటప్ దేశమంతా చూసింది. మేం అంతకుముందే చూశాం లెండి.

ఈ వేషాలకి మైన్‌క్రాఫ్ట్ బాగా కుదురుతుంది. అక్కడ స్కిన్ అంటే 64×64 పిక్సెల్స్ పీఎన్‌జీ బొమ్మ, అంతే. బొమ్మే కాబట్టి ఏపీకేలా పర్మిషన్లు అడగదు, ఎస్ఎంఎస్‌లు చదవదు. ఫోన్ వెర్షన్‌లోనూ డ్రెస్సింగ్ రూమ్ నుంచి సొంత బొమ్మ ఎక్కించుకోవచ్చు. ఒంటికీ చేతులకీ కాళ్లకీ పైన రెండో పొర ఉంటుంది, జావా ఎడిషన్‌లో అది 2014 నాటి 1.8 అప్‌డేట్‌తో వచ్చింది. కింది పొర నల్లగా నింపితే బొగ్గు. పై పొరలో ఆకుపచ్చ చుక్కలు వరసగా పెడితే యాపాకు దండ. తోటి వేషం రెడీ, అరగంట పని.

మాతంగి దగ్గరే తంటా. కాళ్లు రెండూ విడివిడి డబ్బాలు కాబట్టి అడుగేసినప్పుడల్లా కుచ్చిళ్లు రెండుగా చీలిపోతాయి. దూరం నుంచి చూస్తే చీర, దగ్గరికొస్తే పట్టు ప్యాంటు.