ద్రాక్షాపాకం కాని ద్రాక్షలు

ఇటలీ వైన్ల గురించి ఇంగ్లీషులో రాసేవాళ్ళు అరిగిపోయేలా వాడే మాట ఒకటుంది: "దక్షిణాది బరోలో". కంపానియాలోని ఇర్పీనియా కొండల్లో అల్యానికో అనే నల్లద్రాక్షతో తీసే తౌరాసి వైన్‌కు వాళ్ళిచ్చిన బిరుదది. అసలు బరోలో ఎక్కడో ఉత్తరాన, పియెమోంతేలో, నెబ్బియోలో ద్రాక్షతో తీసేది. రెండింట్లోనూ వగరూ పులుపూ ఎక్కువ, రెండూ ఏళ్ళ తరబడి నిలవుంటాయి. కాబట్టి పోలిక పూర్తిగా తప్పేం కాదు. అది బిరుదుగా మారడంతోనే నా పేచీ. పానుగంటిని ఆంధ్ర షేక్స్పియర్ అన్నాం. బిరుదు నిలబడింది, చదివేవాళ్ళు మిగల్లేదు. అల్యానికో రుచి ఏమిటో చెప్పాల్సిన చోట "బరోలో లాంటిదే, కాస్త చవక" అని తేల్చేస్తే విమర్శకుడి పని సగం తగ్గుతుంది. మిగతా సగం మార్కులు వేయడం.

(మన ఊళ్ళలో "వైన్స్" అని బోర్డున్న దుకాణంలో సాధారణంగా దొరకని సరుకు వైనొక్కటే. కాబట్టి ఈ గొడవ మనకెందుకు అనొచ్చు. కానీ ఇది తాగడం గురించి ఎంతో, చదవడం గురించీ అంతే.)

మన ఆలంకారికులు సులువుగా నోట్లో కరిగిపోయే కవిత్వాన్ని ద్రాక్షాపాకం అన్నారు. పాపం వాళ్ళు ఉంబ్రియాలో పండే సగ్రాంతీనో రుచి చూడలేదు. వగరులో దాన్ని మించిన ద్రాక్ష దొరకడం కష్టం. లేతగా ఉన్నప్పుడు తాగితే చిగుళ్ళు బిగుసుకుపోతాయి. అది నిఖార్సయిన నారికేళపాకం.

బరోలో బిరుదుల వాళ్ళను వదిలేద్దాం. నా అసలు తగువు రెండో జట్టుతో, అంటే నా జట్టుతోనే. "దేశవాళీ ద్రాక్ష" అనగానే చేతులు జోడించేవాళ్ళు వీళ్ళు. ఇటలీ అధికారిక జాబితాలో వైన్ ద్రాక్షలు ఐదువందల పైచిలుకు. వాటిలో ఏ ఒక్కదాని పేరెత్తినా వీళ్ళ దగ్గర ఒకటే కథ: రోమన్లు తాగిన ద్రాక్ష, తాతల నాటి తోట, కాలానికి ఎదురు నిలిచిన సంప్రదాయం. వినడానికి బాగుంటుంది. కాకపోతే చాలాసార్లు ఆ ద్రాక్షను చావు దాకా తీసుకెళ్ళింది సంప్రదాయం పేరు చెప్పుకున్నవాళ్ళే.

టస్కనీలోని కియాంటి సంగతే చూడండి. ఆ ప్రాంతపు ద్రాక్ష సాంజొవేజె. 1872లో బెత్తీనో రికాసోలి అనే ప్రభువు (ఐక్య ఇటలీకి రెండో ప్రధాని కూడా ఈయనే) తన ప్రయోగాల ఫలితాన్ని ఒక ఉత్తరంలో రాశాడు. వైన్‌కు వాసనా బలమూ ఇచ్చేది సాంజొవేజె, దాన్ని కాస్త మెత్తబరిచేది కనాయొలో. మాల్వాసియా అనే తెల్లద్రాక్ష వెంటనే తాగేసే వైన్‌కైతే సరే, నిలవ ఉంచే వైన్‌లో అక్కర్లేదు అన్నాడు. 1967లో కియాంటి నిబంధనలు రాసినప్పుడు ఆ ఆఖరి ముక్క గాలికిపోయింది. పది నుంచి ముప్ఫై శాతం తెల్లద్రాక్ష కలిపి తీరాలన్నారు. పైగా రికాసోలి ఉత్తరంలో ఊసే లేని త్రెబ్బియానోను కూడా అందులో చేర్చారు. త్రెబ్బియానో గుణం ఒకటే, విరగకాస్తుంది. రైతుకు టన్నులు కావాలి, వ్యాపారికి చవక సరుకు కావాలి, ఇద్దరికీ కలిపి ఒక సంప్రదాయం దొరికింది.

ఇప్పుడు అసలు తమాషా. సెర్జో మనెత్తి అనే పారిశ్రామికవేత్త రద్దా ఊరి దగ్గర మోంతెవెర్తీనె అనే తోట కొన్నాడు. 1977 పంటతో ఆయన సాంజొవేజె తప్ప మరేదీ కలపకుండా లె పెర్గొలె తోర్తె అనే వైన్ తీశాడు. నూటికి నూరుపాళ్ళూ ఆ నేల ద్రాక్షే. అందుకే దానికి కియాంటి అనే పేరు పెట్టుకునే హక్కు లేకపోయింది. రూలు ప్రకారం అది వట్టి "వీనో ద తావొలా", అంటే భోజనాల బల్ల మీది మామూలు వైన్. స్పెక్‌లో బగ్గు ఉంటే కోడ్ సరిగ్గా రాసినవాడే దోషి అవుతాడని మా ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. మనెత్తి కియాంటి క్లాసికో సంఘంలోంచే బయటికొచ్చేశాడు. సీసా మీద ఏటేటా అల్బెర్తో మన్‌ఫ్రేది గీసిన ఆడమనిషి ముఖం ఉండేది. కియాంటి అన్న మాట ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే ఫ్రాన్స్ నుంచి వచ్చిన కాబెర్నే సొవిన్యో నాటినవాళ్ళకూ, సాంజొవేజెలో దాన్ని కలిపినవాళ్ళకూ దక్కింది ఆ "బల్ల మీది వైన్" హోదాయే. తర్వాత పత్రికలవాళ్ళు అందరినీ ఒకే గాటన కట్టి "సూపర్ టస్కన్" అన్నారు. కాబెర్నే వాళ్ళను తిరుగుబాటుదార్లుగా చేసి పేజీలు నింపారు. సొంత ద్రాక్షతోనే వైన్ చేస్తానన్నందుకు వెలి అయినవాడి కథ ఆ సందట్లో అడుగున పడింది. కియాంటి క్లాసికోలో నూరుశాతం సాంజొవేజెను అనుమతించింది 1996లో. తెల్లద్రాక్షను పూర్తిగా నిషేధించింది 2006లో. ఇప్పుడు అదే సంప్రదాయమని చెబుతున్నారు.

మనకు దేశి, మార్గ అనే తగాదా కొత్తదేం కాదు. దేశి దానంతటదే బతికి బట్టకట్టలేదు. పాల్కురికి సోమనాథుడు కావాలని ద్విపదను ఎంచుకుని, జాను తెనుగు అని గట్టిగా చెప్పి మరీ రాశాడు. ద్రాక్ష కథలోనూ ఆ "కావాలని" అన్న ముక్కే కావాలి నాకు. పియెమోంతేలో తొర్తోనా కొండల మీది తిమొరాస్సో తెల్లద్రాక్షను తీసుకోండి. కాపు నిలకడగా ఉండదు, దిగుబడి తక్కువ. రైతులు దాన్ని పీకేసి కొర్తేజె, బర్బేరా వేసుకున్నారు. వాళ్ళను తప్పు పట్టే హక్కు హైదరాబాద్‌లో ఏసీలో కూర్చున్న నాకు లేదు. 1980ల్లో వాల్తెర్ మాస్సా అనే రైతు మిగిలిన కొన్ని తీగలను పట్టుకుని విడిగా వైన్ తీయడం మొదలుపెట్టాడు. ఇవాళ బరోలో వైపు నుంచి పేరున్న కంపెనీలొచ్చి ఆ కొండల మీద భూములు కొంటున్నాయి. ఆ సీసా తెరిచి "ప్రాచీన ద్రాక్ష" అని మురిసిపోయేవాడు మాస్సా పేరు మింగేస్తున్నాడు. రోమన్లకు దండం పెట్టడం తేలిక, వాళ్ళకు రాయల్టీ ఇవ్వక్కర్లేదు.

"స్వచ్ఛమైన దేశవాళీ" అనేవాళ్ళకు ఇంకో చిక్కు కూడా ఉంది. పూల్యా వాళ్ళు మాదంటే మాదనే ప్రిమితీవో, కాలిఫోర్నియా వాళ్ళ జిన్‌ఫండెల్, క్రొయేషియా తీరంలో దొరికిన ఒక పాత తీగ, మూడూ ఒకే ద్రాక్ష అని 2001లో తేలింది. సాంజొవేజె తల్లిదండ్రులుగా 2004లో డీఎన్ఏ పరీక్షలు చూపించిన రెండు ద్రాక్షల్లో ఒకదాని పేరు కలాబ్రేజె ది మోంతెనువొవొ. కలాబ్రేజె అంటే కలాబ్రియాది, అంటే దక్షిణాదిది. దక్షిణాదిని చిన్నచూపు చూసే టస్కన్లెవరైనా ఉంటే, వాళ్ళ గ్లాసులోనే చుట్టరికం ఉంది.

పేర్ల విషయంలో మాత్రం ఇటలీవాళ్ళ లౌక్యం ముందు ఎవరైనా దిగదుడుపే. ఫ్రియూలి ప్రాంతంలో తొకాయ్ అనే తెల్లద్రాక్ష ఉండేది. మా తొకాయ్ ఊరి పేరు మీరెలా వాడతారని హంగరీ పట్టుబడితే, 2007 తర్వాత ఆ పేరు పోయి వట్టి ఫ్రియూలానో మిగిలింది. ఊరి పేరుకు చట్టంలో ఎంత బలముందో దెబ్బ తిని నేర్చుకున్నారు. 2009లో ప్రొసెక్కో అనే ద్రాక్షకు గ్లెరా అని పేరు మార్చేశారు. త్రియెస్తె దగ్గర ప్రొసెక్కో అనే ఊరొకటి ఉంది కదా, ప్రొసెక్కో ఇకమీదట ద్రాక్ష కాదు, ప్రాంతం అన్నారు. పేరుపొందిన ప్రొసెక్కో కొండలేమో ఆ ఊరికి దూరంగా వెనెతోలో ఉన్నాయి. అందుకని ఊరు కూడా లోపలికి వచ్చేలా తొమ్మిది జిల్లాలకు గీత గీశారు. ఆస్ట్రేలియా రైతులు మేం నాటినప్పుడు ఇది ద్రాక్ష పేరే కదా అని ఇప్పటికీ తగువాడుతున్నారు. మార్కెట్ కోసం ద్రాక్షకు పేరు మార్చడం తప్పని నేననను. అదయ్యాక సీసా మీద తరతరాల వారసత్వం అని రాసుకోవడమే మింగుడుపడదు.

ఇంతా చేసి నేను దేశవాళీ ద్రాక్షల వైపే. మోంతాల్చీనోలో జరిగింది చూడండి. అక్కడి బ్రునెల్లోకు సాంజొవేజె తప్ప వేరేది కలపకూడదు. సాంజొవేజె వైన్ రంగు పలచన. మార్కెట్‌కేమో చిక్కని రంగు కావాలి. కొందరు మెర్లో లాంటివి కలుపుతున్నారన్న అనుమానంతో 2008లో విచారణ మొదలై, సీసాలు జప్తయి, ఊరి పరువు వీధినపడింది. ఎలాగూ కలుపుతున్నారు కదా, రూలే సడలిస్తే పోలా అన్న వాదన అప్పుడే బలంగా వచ్చింది. 2011లో బ్రునెల్లో తమ్ముడు లాంటి రొస్సో ది మోంతాల్చీనోలో వేరే ద్రాక్షలను అనుమతించాలా వద్దా అని ఉత్పత్తిదారుల మధ్య ఓటు పెట్టారు. అనుమతిస్తే అమ్ముకోవడం సులువు, అప్పటికే చాలామంది తోటల్లో మెర్లో ఉంది. అయినా భారీ మెజారిటీతో వద్దనే ఓటేశారు.