సంక్రాంతి జరిమానా

మా పెదనాన్నగారు కిందటి ఆదివారం కైకలూరు నుంచి ఏలూరు వచ్చారు. అమెరికాలో మా చెల్లాయికి నెలలు నిండుతున్నాయి. పెద్దమ్మతో కలిసి వెళ్ళాలి. తాడేపల్లిగూడెంలో ఎవరో వీసా ఫారం నింపుతూంటే ఒక ప్రశ్న దగ్గర బండి ఆగిపోయిందట: ఎప్పుడైనా అరెస్టయ్యారా? శిక్ష పడిందా?

పడింది. పాతికేళ్ళ కిందట కొల్లేటి గట్టున కోడిపందెంలో దొరికారు. చూస్తూ నిలబడ్డానంతే అంటారాయన. పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. 1974 నాటి గేమింగ్ చట్టం కింద కేసు, నేరం ఒప్పుకోలు, జరిమానా.

"లేదని రాసెయ్యండి, వాళ్ళకేం తెలుస్తుంది?" అన్నాడట ఫారం నింపే ఆయన.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, వకీలును కాను. కాని వాక్యం చదవడం నా వృత్తేగదా! 'ఎప్పుడైనా' అన్న మాటకు గడువు లేదు. క్షమాభిక్ష దొరికిన కేసైనా చెప్పమని ఆ ప్రశ్నలోనే ఉంది. పందెం జరిమానా ఒక్కటే సాధారణంగా వీసాకు అడ్డు కాదు. దొంగతనం, మోసం వంటివాటి సంగతి వేరు. అయితే కీలకమైన విషయంలో తెలిసి అబద్ధమాడినట్టు తేలితే, అమెరికా చట్టం ప్రకారం జన్మంతా నిషేధమే. ఆపైన మినహాయింపు ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు.

"ఉంది అని రాయించండి పెదనాన్నా. కోర్టులో తీర్పు నకలు తీసుకుని హైదరాబాదు ఇంటర్వ్యూకి పట్టుకెళ్ళండి," అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"అది కాదురా," అన్నారు చివరికి. "ఆ ఫారం అల్లుడు చూస్తాడేమో!"