కోఠీ రెసిడెన్సీ నిలిచింది, బొగ్గుబాయి జ్ఞాపకాలకూ ఒక బంగ్లా ఇవ్వాలి

బొగ్గుబెల్టు ప్రజలకు, కార్మిక సంఘాలకు, సింగరేణి యాజమాన్యానికి విజ్ఞప్తి

బసంత్‌నగర్‌లో బస్సెక్కి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాద్ పోయే కుటుంబాలు చార్మినార్ చూస్తాయి, సాలార్‌జంగ్ మ్యూజియం చూస్తాయి. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మెట్లెక్కేవాళ్లు తక్కువ. బొగ్గుబెల్టు జనం తప్పక చూడవలసింది ఆ భవనాన్నే.

రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో, 19వ శతాబ్దం మొదటి ఏళ్లలో, మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దాన్ని కట్టాడు. సొమ్ము నిజాముది, పెత్తనం ఈస్టిండియా కంపెనీది. ఎదుట భారీ స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, లోపల దర్బారు హాలు. తోటలో అదే భవనానికి ఒక చిన్న నమూనా ఉంది. పరదా దాటి రాలేని తన భార్య ఖైరున్నీసా కోసం కిర్క్‌పాట్రిక్ దాన్ని చేయించాడని చెప్పుకుంటారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకొని దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే.

1949 నుంచి అక్కడ ఆడపిల్లలు చదువుకున్నారు. భవనం శిథిలమవుతుంటే 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఏళ్ల తరబడి మరమ్మతులు సాగాక సందర్శకులకు తలుపులు తెరుచుకున్నాయి. పట్టుబడితే పాత గోడలు నిలుస్తాయనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

బొగ్గు కథలోనూ ఆ రెసిడెన్సీ రోజుల నీడ ఉంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. గనుల హక్కు 1886లో ఇంగ్లండులో ఏర్పడ్డ హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కింది. ఆ ఒప్పందంలో ఎవరెంత మింగారన్న దుమారం 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ దాకా వెళ్లింది. 1920లో అదే సంస్థ సింగరేణి కాలరీస్ అయింది. వాటాదారుల చరిత్ర కాగితాల మీద భద్రంగా ఉంది. బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పట్టిన చేతుల చరిత్ర ఎక్కడుంది?

గోదావరిఖనిలో అది ముసలివాళ్ల నోళ్లలో ఉంది. వాళ్లతోనే పోతోంది. బాయిలు మూతపడుతున్నాయి, ఓపెన్‌కాస్టులు ఊళ్లను మింగాయి. 2003 జూన్‌లో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఘోరం ఎట్లా జరిగిందో ఈ కాలం పిల్లలకు పటం గీసి చూపించే గది ఒక్కటన్నా ఉండాలి.

రామగుండం ప్రాంతంలో ఖాళీ అయ్యే సింగరేణి అధికారుల బంగ్లాల్లో ఒకదాన్ని కూల్చకుండా, వేలం వేయకుండా బొగ్గు మ్యూజియానికి కేటాయించాలి. అవి కోఠీ అంత పాతవి కావు, నిజమే. పాతబడేదాకా ఆగితే లోపల పెట్టడానికి వస్తువులు మిగలవు. క్యాప్ ల్యాంపులు, టబ్బులు, మస్టర్ పుస్తకాలు, సమ్మెల కరపత్రాలు ఇప్పుడే సేకరించాలి. దొరల గదులతో పాటు ఆ ఇళ్లలో వంట చేసినవాళ్ల, తోట పెంచినవాళ్ల బతుకూ కనబడాలి. బసంత్‌నగర్ సిమెంటు కార్మికులకూ అందులో చోటుండాలి.

వేల్స్‌లో బిగ్ పిట్ గని 1980లో మూతపడింది. మూడేళ్లకే, 1983లో, సందర్శకులకు తెరిచారు. లోపలికి తీసుకుపోయి చూపించేది ఒకప్పటి గని కార్మికులే. రిటైరైన సింగరేణి కార్మికులకు ఆ పని గౌరవవేతనంతో ఇవ్వాలి, వాళ్ల మాటలు ఇప్పటినుంచే రికార్డు చేయించాలి.

ప్రతి కార్మిక సంఘం ఈ కోరికను యాజమాన్యంతో జరిపే చర్చల్లో పెట్టాలి. రామగుండం నగరపాలక సంస్థ, చుట్టుపక్కల గ్రామ పంచాయతీలు తీర్మానాలు చేసి పంపాలి. ఇంట్లో తాతదో నాయినదో క్యాప్ ల్యాంపు, హాజరు బిళ్ల, ఫొటో ఉన్నవాళ్లు పాత సామాన్లకు అమ్మకుండా, పేరూ బాయి నంబరూ రాసి దాచిపెట్టాలి.