యముడి తరఫు వాదన

మోర్బీలో మచ్ఛూ నది మీది తీగల వంతెన 2022 అక్టోబర్ 30న తెగిపోయింది. 135 మంది చనిపోయారు. పండుగ సెలవుల్లో అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లలు వాళ్లలో చాలామంది. మరమ్మతులు చేశామంటూ గుజరాతీ సంవత్సరాది నాడు వంతెనను మళ్లీ తెరిచి అప్పటికి నాలుగు రోజులే. కేసు కోర్టుకెళ్లినప్పుడు, దాని నిర్వహణ చూసిన కంపెనీ మేనేజర్ ఒకాయన మేజిస్ట్రేటు ముందు ఇది భగవంతుడి ఇచ్ఛ అన్నాడని పత్రికల్లో వచ్చింది. అదే కోర్టులో ప్రాసిక్యూషన్ చెప్పిన సంగతి వేరు. నడిచే పలకలు మార్చారు, బరువు మోసే తీగలు మార్చలేదు.

దేవుడున్నాడా అన్న సందేహం నాకు కొత్త కాదు. నా ఈడు వాళ్లలో చాలామందికి అది కాలేజీ రోజుల్లో వచ్చి, ఉద్యోగం దొరకగానే పోయింది. నాకు పోలేదు. లోకంలో ఇంత ఏడుపుంటే పైనున్నవాడు చూస్తూ ఎట్లా ఊరుకుంటాడని నాలో నేను తర్కించుకుంటూనే ఉన్నాను. మోర్బీ వార్త చదివిన దగ్గర్నుంచి మాత్రం దానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి కనబడుతోంది. మనుషుల ఏడుపుకి దేవుడి పేరు పెడుతున్నది ఎవరు? పెట్టి ఎవర్ని కాపాడుతున్నారు?

నేనుండేది సూరత్‌లో, గోడాదరాలో. లింబాయత్, డిండోలీ, పర్వత్ పాటియాలకు ఆనుకుని ఉన్న ఈ పేటలో ఆస్‌పాస్ మందిరం అంటేనో, నహర్ అంటేనో ఆటోవాలాకి దారి తెలుస్తుంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి సాంచెల (మరమగ్గాల) పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ చుట్టుపక్కల వేలల్లో ఉన్నాయి. దుకాణంలో గుజరాతీ, పక్కింటి ఖాందేశ్ వాళ్లతో మరాఠీ, కార్ఖానాలో హిందీ, గడప లోపలికొస్తే తెలుగు. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు చితికిపోయాక వచ్చినవాళ్లు కొందరు, చేతిమగ్గం అన్నం పెట్టలేక వచ్చినవాళ్లు కొందరు. సిరిసిల్లలో నేత కార్మికులు ఉరేసుకున్న ఏండ్లలో భయపడి పిల్లల్ని తీసుకుని బండెక్కినవాళ్లు ఇంకొందరు. బాధల గురించి పుస్తకాల్లో చదువుకోవలసిన అవసరం వీళ్లెవరికీ లేదు.

ఇక్కడ వానాకాలం వచ్చిందంటే ఖాడీ (వాగు) భయం. పైన గట్టి వాన పడితే ఖాడీ పొంగి, మిల్లుల మురుగు కలిసిన నల్లనీళ్లు ఇళ్లలోకి, కార్ఖానాల్లోకి వస్తాయి. అట్లాంటి ఒక వానాకాలంలో, నీళ్లు తోడిపోశాక తడిసిన బోర్డు మీద మెయిన్ వెయ్యబోయి మా గల్లీ పిల్లవాడొకడు పోయాడు. పందొమ్మిదేళ్లు. పగారు చేతికి రావడం మొదలై ఏడాది కాలేదు. వాళ్లది జనగామ వైపు ఊరు.

పరామర్శకి వెళ్తే జంపఖానా మీద గోడకానుకుని తల్లి కూర్చుని ఉంది. పిల్లవాడి చెప్పులు ఇంకా గడప దగ్గరే ఉన్నాయి, వాటికి ఖాడీ బురద ఎండి పెళ్లలు కట్టింది. వచ్చినవాళ్లంతా అనే మాటలే అంటున్నారు. భూమ్మీద నూకలు చెల్లినయి. ఏ జన్మల ఎవరికి బాకీ ఉన్నడో. మంచోళ్లనే దేవుడు తొందరగా తీసుకపోతడు. కులపెద్ద ఒకాయన, నిజంగా కళ్లనీళ్లు పెట్టుకునే, రాసిపెట్టి ఉన్నది బిడ్డా, తప్పించుడు ఎవరితరం అన్నాడు. అంతసేపూ మాట్లాడని తల్లి అప్పుడు తలెత్తింది.

"పదహారేండ్లే అని మార్కండేయునికి గూడ రాసే ఉండె గదనే మామా. అది చెరిపినోడు నా పిలగానిది ఎందుకు చెరపలే?"

జవాబు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

మార్కండేయుడి కథ ఆ ఇంట్లో వాళ్లకి కాలక్షేపం పురాణం కాదు. పద్మశాలీలు తమ వంశానికి మూలపురుషుడిగా కొలిచేది ఆయన్నే. తామర నారతో తొలి బట్ట నేశాడని చెప్పుకునే భావనారుషి ఆయన కొడుకేనని వాళ్ల నమ్మకం. సోలాపూర్ వెళ్లినా భీవండీ వెళ్లినా సూరత్ వచ్చినా మగ్గం వెంట మార్కండేయుణ్ని కూడా తెచ్చుకున్నారు. కాబట్టి ఆ తల్లి అడిగింది శాస్త్రం తెలియనివాళ్ల ప్రశ్న అనుకోవద్దు. తన ఇంటి దేవుణ్ని తన ఇంటి కథతోనే నిలదీసింది.

ఆ కథని నేను చాలాసార్లు మనసులో తిరగేసుకున్నాను. అందులో రాసిపెట్టి ఉంది అనే మాట ఎవరిది? తండ్రి మృకండుడు ఆ మాట అనలేదు, అల్పాయుష్కుడని తెలిసీ కొడుకుని వద్దనుకోలేదు. పిల్లవాడూ అనలేదు, లింగాన్ని కావలించుకుని వదల్లేదు. ఆ మాట అన్నది పాశం పట్టుకొచ్చిన యముడు. ఆయన అబద్ధమాడలేదు, లెక్క ప్రకారం ఆయువు తీరింది, ధర్మం కూడా ఆయన వైపే ఉంది. ఆ లెక్కని కాలితో తన్నినవాణ్ని మనవాళ్లు దేవుడన్నారు. మరి చావింట్లో కూర్చుని ఆయువు తీరిందమ్మా అంటున్నప్పుడు మనం శివుడి భక్తులుగా మాట్లాడుతున్నామా, యముడి తరఫున వాదిస్తున్నామా?

ఈ మాటలనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లూ ఆ సాంచెల మీదే బతికినవాళ్లు, వాళ్లింట్లోనూ ఇట్లాంటి చావులున్నాయి. ఏదో ఒకటి అనకపోతే గుండె ఆగదు. కానీ ఆ మాట ఎంత పని చేస్తుందో చూడండి. రాత అన్నాక ఆ బోర్డుకి ఎర్తింగ్ ఉందా, షాక్ కొడితే కరెంటు దానంతటదే పోయే బ్రేకర్ ఎందుకు పెట్టలేదు, నీళ్లు దిగాక వైరింగ్ చూడకుండా మెయిన్ వెయ్యమన్నది ఎవరు అన్న ప్రశ్నలకి చోటే మిగల్లేదు. కష్టపడి బతికే ఇంట్లో ఓదార్పుగా చెప్పిన మాటా, మోర్బీ కోర్టులో తప్పించుకోవడానికి చెప్పిన మాటా ఒకటే అయిపోయాయి. నాకు గుండె కోతగా ఉన్నది ఇక్కడే.

ఇందులో పెద్దవాళ్లు కూడా తడబడ్డారు. 1934 జనవరి 15న బీహార్‌లో భూకంపం వచ్చి వేలమంది చనిపోతే, అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నాడు గాంధీ. అంటరానితనం పాపమే, అందులో సందేహం లేదు. కానీ రవీంద్రనాథ్ ఠాగూర్ ఊరుకోలేదు. ప్రకృతిలో జరిగిన ఉత్పాతానికి ప్రకృతిలోనే కారణముంటుందనీ, ఇట్లా పాపపుణ్యాలతో ముడిపెడితే జనంలో ఉన్న అహేతుకత్వం ఇంకా బలపడుతుందనీ రాశాడు. గాంధీ ఆ విమర్శని తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, తన నమ్మకాన్ని మళ్లీ చెప్పుకున్నాడు. గాంధీ అంటే నాకు ఎంతో గౌరవం. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా ఠాగూర్ పక్షం. కూలిన ఇళ్ల కింద పోయినవాళ్లలో ఆ అంటరానివాళ్లూ ఉంటారు కదా. వాళ్లని శిక్షించింది ఏ పాపానికి?

కష్టం దేవుడు పంపిందా, మనిషి తెచ్చిందా అన్న ప్రశ్నకి సూరత్ చరిత్రంతా జవాబు వెతికినట్టే ఉంటుంది. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు వచ్చినప్పుడు లక్షలమంది దొరికిన రైలెక్కి ఊరు విడిచిపోయారు. మరుసటేడు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు శాంతి హోమాలు చేయించలేదు. చెత్త ఎత్తించాడు, మురుగు కాలవలు బాగు చేయించాడు, అధికారుల్ని ఆఫీసుల్లోంచి వీధుల్లోకి నడిపించాడు. రెండేళ్లు తిరక్కముందే ఈ ఊరికి దేశంలో శుభ్రమైన నగరాల్లో రెండోదన్న పేరొచ్చింది. 2006 ఆగస్టులో తాపీ నది ఊరిని ముంచేసినప్పుడు, వానలు ముదరకముందే ఎగువనున్న ఉకాయ్ జలాశయాన్ని నింపి ఉంచి, తర్వాత ఒక్కసారిగా గేట్లెత్తారన్న విమర్శ గట్టిగా వచ్చింది. అయినా నదీమతల్లికి కోపమొచ్చింది అన్నవాళ్లే నాకు ఎక్కువమంది కనబడ్డారు.

ఇక 2019 మే 24. ఈ ఊళ్లోనే సర్థాణాలో తక్షశిలా అనే వ్యాపార భవనం పై అంతస్తులో కోచింగ్ క్లాసు నడుస్తోంది. కింద నిప్పంటుకుంటే పైకి వెళ్లే చెక్క మెట్లు కాలిపోయాయి. ఫైరింజన్ నిచ్చెనలు పిల్లల దాకా అందలేదు. పిల్లలు కిటికీల్లోంచి దూకడం ఊరు ఊరంతా ఫోన్లలో చూసింది. 22 మంది చనిపోయారు. మర్నాడు పన్నెండో తరగతి ఫలితాలొస్తే, పోయినవాళ్లలో ముగ్గురు పాసయ్యారు. ఆ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి విధి అనగలిగే నోరు ఎవరికైనా ఉంటుందా? ఉంది, అన్నారు కూడా.

అయితే ఇంతటితో నా సందేహం తీరిపోయిందని చెప్తే అబద్ధమవుతుంది. అన్ని బాధలకీ వెనక ఒక కంట్రాక్టరో మేనేజరో ఉండడు. నాలుగేళ్ల పిల్లకి రక్తంలో కేన్సర్ వస్తుంది. ఎవరు ఏ తీగ మార్చలేదని అడుగుతాం? ఇక్కడ నాకు చెప్పిన జవాబులన్నీ విన్నాను. పూర్వజన్మ కర్మ అంటారు. చేసినట్టు గుర్తులేని తప్పుకి, గుర్తుండే వయసే లేని పిల్లని సూదులతో పొడిచే న్యాయం ఏ కోర్టులోనైనా ఒప్పుకుంటామా? దేవుడు పెట్టిన పరీక్ష అంటారు. తండ్రి భక్తి ఎంతుందో చూడడానికి బిడ్డ ప్రాణం మీదికి తెచ్చేవాడు నాకు పూజ్యుడు కాలేడు. 1755 నవంబర్ 1న, పుణ్యాత్ముల పండుగ ఉదయం, లిస్బన్‌లో భూకంపమొచ్చి చర్చిల్లో ప్రార్థన చేస్తున్నవాళ్ల మీద కప్పులు కూలితే, యూరప్‌లో వోల్టేర్ లాంటివాళ్లు అంతా మన మంచికే అనే తత్త్వాన్ని చీల్చి చెండాడారు. రెండున్నర శతాబ్దాలు దాటినా వాళ్ల కోపానికి తగిన జవాబు నాకెక్కడా దొరకలేదు.

దొరకనిదాన్ని దొరికినట్టు నటించకుండా, దేవుడితోనే తగువు పెట్టుకున్న మర్యాద ఒకటి తెలుగులో ఉంది. గోల్కొండ చెరసాలలో కంచెర్ల గోపన్న రాముణ్ని స్తుతించి ఊరుకోలేదు, చేయించిన నగలకి అయిన ఖర్చు ఒక్కొక్కటీ ఎత్తి చూపి దెప్పాడు. ఇంకా పెద్ద ఫిర్యాదు జాషువాది. గుడి గడప తొక్కనివ్వని అరుంధతీయుడు, గర్భగుడిలో వేలాడగలిగే గబ్బిలాన్ని బతిమాలి, కాశీలో శివుడి చెవిన తన గోడు వెయ్యమని పంపిస్తాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో నన్ను నిలబెట్టేసేది ఇదే. ఆ మనిషి తన దుఃఖాన్ని తలరాత అనుకుని సర్దుకోడు. చేసినవాళ్లెవరో అతనికి తెలుసు. అయినా శివుడికి కబురు పంపడం మానడు. గోడాదరాలో ఆ తల్లి అడిగిన ప్రశ్న ఈ వరుసలో చేరుతుంది.

తగువు కూడా వద్దు, దేవుడే లేడని తేల్చి చెప్పి పనిలోకి దిగినవాళ్లకీ నేను దణ్ణం పెడతాను. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో అది విజయవాడకి మారింది. దేవుడి మీద భారం వెయ్యడం మానితేనే మనిషి తన బాధ్యత తాను మోస్తాడన్నది ఆయన వాదన. ఆయన 1975లో పోయాడు. 1977 నవంబర్ 19న దివిసీమని సముద్రం తుడిచిపెట్టింది. పదివేలమందికి పైగా మాయమైన ఆ బురదలో నాస్తిక కేంద్రం వాళ్లు పనిచేశారు, రామకృష్ణ మిషన్ సాధువులు పనిచేశారు, మదర్ థెరిసా వచ్చింది. ఇది ఎందుకు జరిగిందన్న ప్రశ్నకి వాళ్లలో ఏ ఇద్దరి జవాబూ ఒకటి కాదు. శవాన్ని ఎత్తాలన్న విషయంలో మాత్రం తేడా రాలేదు.

నేను గోరా అంత ధైర్యంగా లేడు అనలేను, ఉన్నాడనీ ప్రమాణం చెయ్యలేను. ఇప్పటికీ గుడికి వెళ్తాను. అక్కడ నోటికి రాని ప్రార్థనలు కొన్ని ఉన్నాయి: మా ఇంటిని కాపాడినందుకు కృతజ్ఞతలు చెప్పలేను. పక్కింటిని ఎందుకు కాపాడలేదన్న మాట వెంటనే గొంతుకి అడ్డం పడుతుంది. ఆ తల్లి అడిగిందే అడుగుతాను. వినేవాడుంటే వినాలి, లేకపోతే ఆ ప్రశ్న నా చెవినైనా పడుతుంది.

ఇక్కడి మన సమాజం పెద్దలకి మాత్రం ఒక విన్నపం. శ్రావణ పున్నమి మార్కండేయుడిది, జంధ్యాలు మార్చుకునే రోజు. ఈసారి ఆ పండుగకి చందా రాసేటప్పుడు కొంత సొమ్ము పక్కన తీసి, మన పిల్లలు పనిచేసే ప్రతి కార్ఖానాకీ ఒక ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఎర్తింగ్ చూపించండి, బ్రేకర్ లేనిచోట యజమానితో పెట్టించండి, పెట్టనంటే నలుగురూ కలిసి లేబర్ ఆఫీసుకి నడవండి. ఖాడీ నీళ్లు తగ్గిన రోజు వైరింగ్ చూడకుండా ఎవరూ మెయిన్ వెయ్యొద్దని మైకులో తెలుగులోనూ హిందీలోనూ చెప్పించండి. ఈ మాట ఇద్దరు పెద్దలతో అన్నాను. ఒకాయన, గుడి సొమ్ము కరెంటు పనికేంది అని కోప్పడ్డాడు. ఇంకొకాయన కాసేపు ఆలోచించి, తమ్మీ, ముందు ఎవరి కార్ఖానాకి పోదాం చెప్పు అన్నాడు.