అమెరికాలో మాంసపు ధర – మన కర్షకునకు పాఠము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో గోమాంసపు ధర కొన్నియేండ్లుగ నెక్కుచునే వచ్చినది. 2020 జనవరిలో పౌను కైమా నాలుగు డాలర్ల లోపుగ దొరకెను. 2025 జూనులో నదియే యారు డాలర్లను మించెను. కైమా యా దేశమున ధనికుల విందుభోజ్యము గాదు, కూలివాని పిల్లలకు రాత్రి భోజనము. కావున నిది సామాన్య సంసారములకు దగిలిన దెబ్బ. గోవును తల్లిగ నెంచు మన పాఠకులలో బలువురకు నీ విషయముతో నేమి పని యని తోపవచ్చును. ఒక దేశమువారి యాహారమును దప్పుపట్టుట మా పని గాదు. అచ్చటి పశుపోషకుని కథలో మన కర్షకుని కథయే కానవచ్చుచున్నది గనుక నీ చర్చకు బూనితిమి.

ధర యేల పెరిగెను? మంద తరిగినది గనుక. 2025 జనవరి 1 నాటి లెక్కలో నా దేశపు పశువులు 8 కోట్ల 67 లక్షలు. 1951 తరువాత నింత తక్కువ సంఖ్య లేదు. ఆనాటి జనసంఖ్య పదునైదు కోట్లకు గొంచెము పైన. నేడు ముప్పదినాలుగు కోట్లు. నేటి పశువు నాటిదానికంటె బరువైనది గనుక మాంసము మందతో సమముగ దరుగలేదు. అయినను గిరాకికి జాలినంత లేదు. 2015 మొదలు కొన్నియేండ్లు పశువుల ధర పడిపోయెను. 2020 నుండి పశ్చిమ రాష్ట్రములందును మధ్య మైదానములందును అనావృష్టి కలిగెను. పచ్చిక యెండెను, ఎండుగడ్డి ప్రియమయ్యెను, వడ్డీ హెచ్చెను. మేపలేని రైతు ఈనవలసిన యావులను సైత మమ్ముకొనెను. ఆనాడు వాని కష్టము నడిగిన పట్టణవాసి లేడు. దీనికి దోడు, మెక్సికోనుండి యేటేట పదిలక్షలకు బైగా వచ్చుచుండిన దూడలకును అడ్డంకి కలిగెను. గాయములలో గ్రుడ్లు పెట్టి, సజీవమాంసమును దినివేయు పురుగులను బుట్టించు ఈగ యొకటి 2024 నవంబరులో నచ్చట గనబడుటచే సరిహద్దు మూయబడెను. 2025 ఫిబ్రవరిలో దెఱచి, మే నెలలో మరల మూసిరి.

ధర పెరిగినచో మందను బెంచుకొనరాదా యని యడుగవచ్చును. చిక్కంతయు నిందే యున్నది. మంద పెరుగవలెనన్న పెయ్యలను కబేళాకు బంపక నిలుపుకొనవలెను. నిలుపుకొన్నంత మేర సంతకు వచ్చు పశువులు తగ్గును. ధర యింకను బెరుగును. నిలిపిన పెయ్య యెదకు వచ్చి, తొమ్మిది నెలలు మోసి యీని, ఆ దూడ యేడాదిన్నర పెరిగి సంతకు వచ్చుసరికి సుమారు మూడేండ్లు పట్టును. యంత్రశాలలో మీట నొక్కినట్లు ఆవును ద్వరపెట్ట వీలుకాదు.

ఇక మధ్యవర్తుల సంగతి. ధాన్యముతో బలియించిన పశువులలో నూటికి 85 వంతులను నాలుగు కంపెనీలే కొని కోయుచున్నవి. 1980లో నీ భాగము నూటికి 36 మాత్రమే. అమ్మువారు వేలు, కొనువారు నలుగురు నైనచోట బేర మేరీతిగ సాగునో ధాన్యపు మిల్లు వాకిట నిలిచిన మన రైతున కెవ్వరును జెప్ప నక్కఱలేదు. ఇట్టివారి యక్రమముల నరికట్టుటకే 1921లో నా దేశము ప్రత్యేకశాసనము చేసెను. అయినను నేటి నేరమంతయు వారిపైననే మోపుట న్యాయము గాదు. పశువులు దొరకక 2025లో టైసన్ కంపెనీకి గోమాంసపు వ్యాపారమున నష్టము వచ్చెను; ఆ నవంబరులో నెబ్రాస్కాలోని లెక్సింగ్టన్ కబేళాను మూయుదుమని ప్రకటించెను. సుమారు మూడువేలమంది పనివారి జీవనమున కది ముప్పయ్యెను.

గృహిణు లేమి చేయుదురు? చౌకముక్కలను నిదానముగ నుడికించుట, కైమాలో గింజధాన్యములను గలిపి యెక్కువ చేయుట, కోడిమాంసమునకు మరలుట – ఇవి యందరెఱిగిన యుపాయములు. కలసి చేసిన ప్రయత్నములును గలవు. 1902 మే నెలలో న్యూయార్కులోని యూదు స్త్రీలు, పౌను 12 సెంట్లనుండి 18 సెంట్లకు బోయిన మాంసమును బహిష్కరించి వీథుల కెక్కిరి. ధర కొంత దిగినది. 1973 ఏప్రిలులో గృహిణు లనేకులు వారముదినములు మాంసము మానిరి. అంతకు గొలదిదినములకు ముందే యధ్యక్షుడు నిక్సను గరిష్ఠధరలను నిర్ణయించియుండెను. ఆ కట్టు వీడువఱకు రైతులు పశువులను సంతకు దోలక నిలుపుకొనిరి, అంగళ్లలో మాంసమునకు గొఱత కలిగెను. శాసనముచే ధరను గట్టవచ్చును గాని యావును ఈనింపలేము.

2025లో నా ప్రభుత్వము చేసిన పనులలోను నిలుకడ లేదు. ఆగస్టులో బ్రెజిలు సరకులపై నూటికి 50 వంతుల సుంకము వైచిరి. నవంబరులో గోమాంసమునకు దానిని దొలగించిరి. అక్టోబరులో అర్జెంటీనా మాంసమును దెప్పింతుమని అధ్యక్షుడు ట్రంపు పలుకగా, ఎన్నియేండ్లకో నాలుగు రాళ్లు కంటబడిన వేళ ఇదేమి యన్యాయమని పశుపోషకులు మొఱపెట్టిరి. ఇచ్చట నొక్క మాట. బ్రెజిలు మందలలో నధికభాగము నెలోరు జాతి. ఆ పేరు మన నెల్లూరుది. ఆ నెత్తురు మన ఒంగోలు గిత్తది. మన పొలములలో ట్రాక్టరు వచ్చి యా జాతి తరిగిపోవుచుండ, సముద్రముల కావల 2023లో నా జాతి యావొకటి నలుబదిలక్షల డాలర్లకు బైగా వెలగట్టబడెను. మన సొత్తు విలువను పరులు చెప్పగా మనము వినుచున్నాము!

మన దేశమున జరిగిన దేమి? 2023 జులైలో బాస్మతి గాని తెల్లబియ్యపు టెగుమతిని నిషేధించిరి. అమెరికాలోని తెలుగు సంసారములు సోనామసూరి బస్తాలకై యంగళ్లయొద్ద బారులు దీరిరి. ఆ నిషేధము 2024 సెప్టెంబరున గాని తొలగలేదు. 2023 డిసెంబరులో ఉల్లికిని అదే గతి పట్టెను. ధర పడినప్పుడు సంత న్యాయమని రైతునకు నీతి చెప్పి, పెరిగినప్పుడు ప్రజాక్షేమమని వాని చేతులు గట్టుట యేపాటి ధర్మము? మద్దతుధర యున్నదందురు, కల్లమునొద్ద నది యెందరికి జేరుచున్నదో మన పాఠకు లెఱుగుదురు.

మా యభిప్రాయ మిది. పేదవానికి జౌకగ దిండి దొరకవలసినదే. కాని యా భారము రాజ్యపు బొక్కసము మోయవలెను, రైతు మోయరాదు. కఱవున గడ్డికిని, ఋణమునకును సకాలమున సాయము చేసినచో రైతు మందను దెగనమ్ముకొనడు. తరువాత పట్టణవాసి వగవ నక్కఱయు రాదు. కొనువారు నలుగురైనచోట నమ్మువారు సహకారసంఘములుగ గూడవలెను. ఎగుమతి దిగుమతి నియమములను విత్తుటకు ముందే తెలుపవలెను, కోతవేళ మార్చరాదు. మన భూస్వాములును గ్రామపు బచ్చికబయళ్లను గాపాడి, గిత్తల జాతి నిలుపుట కర్తవ్యముగ నెంచవలెను. మంద తరుగుట కొక్క వేసవి చాలును. పెరుగుట కెన్నియేండ్లు పట్టునో అమెరికా నేడు డాలర్లు చెల్లించి నేర్చుకొనుచున్నది. ఆ పాఠము మనకు వెలలేక దొరకినది. దానిని విడుచుట వివేకము గాదు.